ఊ కొట్టే సందు

నా పరిశోధన వ్యాసం చదివినవాళ్ళలో సగం మంది నేనే. నవ్వులాటకు చెప్పడం లేదు. దాన్ని అచ్చేసిన ఇంగ్లీషు పత్రిక వెబ్‌సైటులో వ్యాసం కింద ఒక మూల చిన్న అంకె ఉంటుంది, ఎంతమంది చూసినారో చెప్పేది. పొద్దున లేచి కాఫీ పొయ్యి మీద పెట్టి ఫోన్లో ఆ అంకె చూసేదాన్ని. కాలేజీకి పోయినాక స్టాఫ్ రూము కంప్యూటర్లో మళ్ళీ చూసేదాన్ని. పెరిగి ఉండేది. అబ్బ, ఎంత సంబరమో! ఎవరో చదివినారు, యాడో ఒక ఊర్లో నాకు తెలియని మనిషి ఒకరు కూర్చుని నేను రాసింది చదివినారు అనుకుని, ఆ రోజంతా పిల్లలను తిట్టకుండా పాఠం చెప్పేదాన్ని.

ఒకరోజు మా కంప్యూటర్ సారు నా వెనక నిలబడి చూసి, "మేడం, అది మీరే" అన్నాడు.

"ఏంది నేనే?"

"ఇంట్లో ఫోన్లో చూస్తే ఒకటి, ఈడ కంప్యూటర్లో చూస్తే ఇంకొకటి. దానికి మనుషులతో పని లేదు మేడం, మిషన్లను లెక్కపెడతాది అంతే. ఒక వారం చూడకుండా ఉండండి, అసలు సంగతి మీకే తెలుస్తాది."

మంచికే చెప్పినాడు, పాపం. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్లయింది. "మీ పని మీరు చూసుకోండి సార్" అని కసిరినాను. కసిరినానుగానీ, వారం రోజులు ఆ పేజీ తెరవలేదు. మొండితనంలో నన్ను మించినోళ్ళు లేరు. వారం తర్వాత తెరిస్తే అంకె యాడ పెట్టింది ఆడే ఉంది.

నేను హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. వయసు యాభై దాటింది. పెళ్ళి కాలేదు. దాని వెనక పెద్ద కథ ఏదో ఉంటుందని అందరూ ఆశపడతారుగానీ ఏమీ లేదు. మొదట్లో కుదరలేదు, తర్వాత కుదుర్చుకోవాలని నాకనిపించలేదు. ఒక పిండిమర మీద ఉండే గదిలో బాడుగకు ఉంటాను. కింద మర ఆడుతున్నంతసేపూ అల్మారాలో నా గిన్నెలు సన్నగా వణుకుతుంటాయి. సాయంత్రం తాళం తీసి లోపలికి పోయినానంటే, మళ్ళీ పొద్దున కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌ను "బాగుండావా అప్పా" అనేదాకా నా గొంతు నాకే వినపడదు. ఆదివారమైతే అదీ లేదు, మర కూడా ఉండదు.

ఆ ఆదివారాలు భరించలేకనే నేను పరిశోధన మొదలుపెట్టినాను. గైడ్‌గారికి రాసిచ్చిన కారణాలు వేరేలెండి. పొద్దున ప్యాసింజరు ఎక్కి ధర్మవరం పోయేదాన్ని. మధ్యలో పెనుకొండ వస్తుంది, నేను పుట్టి పెరిగిన ఊరు. మేముండింది బాడుగ ఇల్లు. నాయన పోయి, తర్వాత అమ్మ పోయినాక, అది ఇంకెవరిదో బాడుగ ఇల్లయింది. రైలు ఆగుతుంది, కిటికీలోంచి కొండ కనపడుతుంది, కాలం వస్తే బుట్టల్లో సీతాఫలాలు ఎక్కుతాయి, రైలు కదులుతుంది. దిగేదానికి ఆ ఊర్లో నాకెవరూ లేరు. ఐనా రైలు నిదానించినప్పుడల్లా చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటాను, దిగబోయేదాని మాదిరి.

ధర్మవరం అంటే పట్టుచీరలని అందరికీ తెలుసు. చీర తెలుసు, జరీ తెలుసు, అంచు తెలుసు. మగ్గం ఆగిపోయే రోజు గురించి మాత్రం ఎవరూ అడగరు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే కొత్త పడుగు తెచ్చి పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే అతికించాలి. వేలకు వేల పోగులు, తలవెంట్రుక కన్నా సన్నం. వేళ్ళకు బూడిద అద్దుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క మెలి. ఆ పని చేసేది ఆడవాళ్ళు. ముగ్గురు నలుగురు జట్టుగా ఇల్లిల్లూ తిరిగి అతికిస్తారు. ఆ చేతుల మీదే నా పరిశోధన. మెలేసీ మెలేసీ వేళ్ళకు తిమ్మిరి పడుతుంది. ఆ తిమ్మిరిని వాళ్ళు ఎట్లా దాచుకుంటారు, ఎందుకు దాచుకుంటారు, దాచుకున్నందుకు ఏమవుతుంది, ఇదీ నేను రాసింది.

అతుకు రోజు ఆ ఇంట్లో మగ్గం చప్పుడు ఉండదు. అందుకే మాటలు నడుస్తాయి. ఎవరో ఒకరు కథ ఎత్తుకుంటారు. అల్లుడి కథ, అత్త కథ, సీరియల్లో నిన్న జరిగిన కథ, ఎదురింటోళ్ళు విడిపోయి మళ్ళీ కలిసిన కథ. కళ్ళు పోగు మీదనే ఉంటాయి కాబట్టి ఎవరూ తలెత్తరు, ఒకరి మొహం ఒకరు చూడరు. మరి చెప్పే మనిషికి వింటున్నారని ఎట్లా తెలియాలి? అందుకని జట్టులో ఒకరు ఖాయంగా ఊ కొట్టాలి. మాట మాటకూ ఊ. ఆ ఊ ఆగిందంటే చెప్పే ఆమె కూడా ఆగిపోతుంది. "ఏమ్మే, నేను గోడకు చెప్తాండానా?" అని తగులుకుంటుంది.

నేను పోయిన మొదటి రోజు వాళ్ళకు నన్ను ఏం చేసుకోవాలో తెలియలేదు. పోగు పట్టుకునే చేతులు కావు నావి. ఊరికే కూర్చోబెడితే బాగుండదు. జట్టును నడిపే అక్క, నాకంటే ఐదారేళ్ళు పెద్దది, మూతి బిగించి ఆలోచించి, "నువ్వు ఊ కొట్టు మేడం" అనింది. చిన్నప్పుడు పెనుకొండలో మా అవ్వ పక్కన పడుకుని నేర్చుకున్న విద్య అది. మా అవ్వ దగ్గర ఊ ఒక్కటి తప్పినా తొడపాశం పడేది. కొట్టినాను. మధ్యాన్నం సంగటి ముద్ద పెట్టేటప్పుడు అక్క, "నువ్వు ఇంగ్లీషు ఎంత సదివినావో నాకు తెల్దుగానీ, ఊ మాత్రం శానా బాగా కొడతావు" అనింది. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఇంటికొచ్చినాక ఆ మాట తలచుకుని ఇంకోసారి నవ్వుకున్నాను, ఒక్కదాన్నే.

అట్లా కొన్నేళ్ళు పోతూ వస్తూ ఉన్నాను. ఒక ఆదివారం ఆ అక్క నాకు మంచినీళ్ళు తెచ్చి ఇస్తూ గ్లాసు జారవిడిచింది. "అయ్యో, తడి చెయ్యి" అనింది. చెయ్యి తడిగా లేదు. ఇంకోరోజు జాకెట్టు హుక్కు పెట్టుకోలేక కోడలిని పిలిచింది. నేను చూసినానని చూసి మొహం తిప్పుకుంది. అప్పటికే నేను డాక్టర్ల దగ్గర కూర్చుని రాసుకున్నదాన్ని. తిమ్మిరి మొదట్లోనే చేతికి కొన్ని వారాలు విరామమిచ్చి, మణికట్టుకు పట్టీ కట్టుకుని, వైద్యం చేయించుకుంటే చాలామందికి తగ్గుతుంది. దాచుకుని పని చేసుకుంటూ పోతే వేళ్ళల్లో పట్టు పోతుంది. పోయినాక తిరిగి రావడం కష్టం.

బయటికి పిలుచుకొచ్చి చెప్పినాను. బతిమాలినాను. చివరికి అరిచినాను కూడా.

అక్క అంతా విని, "నాకొక్కదానికి చెప్తే ఏం లాభం మేడం?" అనింది. "నాకు తిమ్మిరని తెలిస్తే నా చోట్లో ఇంకొకరు కూర్చుంటారు. వాళ్ళకూ తిమ్మిరే, వాళ్ళూ చెప్పుకోరు. ఒకసారి లేసినామంటే మళ్ళీ ఆ చోటు దొరకదు. అందరికీ చెప్పు. అందరికీ తెలిస్తే ఒకరి చోటు ఒకరు పెరుక్కోరు. ఇన్నేండ్లనుంచి మా మాటలన్నీ రాసుకొని పోతాండావు కదా, మళ్ళా మాకు చెప్పేదెప్పుడు?"

"వస్తుందక్కా. అచ్చులో వస్తుంది. వస్తే అందరికీ తెలుస్తుంది" అన్నాను. నిజంగానే అట్లా అనుకున్నాను. పరిశోధన అచ్చయితే అందరికీ తెలుస్తుందని అనుకోవడం, చూడండి, ఎంత అమాయకత్వమో!

అచ్చయింది. ఆ పత్రిక మంచి పేరున్న పత్రికే. తిప్పి పంపినారు, మార్చి పంపినాను, మళ్ళీ తిప్పి పంపినారు. ఆఖరుకు వేసినారు. వేసినాక చూస్తే దానికి తాళం. పైన నాలుగు వాక్యాలు కనపడతాయి, మిగతాది చదవాలంటే దుడ్లు కట్టాలి. తాళం తీసి అందరికీ తెరిచిపెట్టాలంటే రాసినవాళ్ళే కట్టాలి. ఎంత కట్టాలో చూసి ల్యాప్‌టాప్ మూసేసినాను. నేను రాసిన వ్యాసానికి నేనే బయట నిలబడి ఉన్నాను. మా కాలేజీలో మాత్రం శాలువా కప్పినారు. ప్రిన్సిపల్ గారు వ్యాసం పేరు చదవలేక రెండుసార్లు ఆగి, "మొత్తానికి చాలా గొప్ప విషయం" అని ముగించినారు. చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక ప్రశ్న అడుగుతారని స్టాఫ్ రూములో చాలాసేపు కూర్చున్నాను. టీ తాగి అందరూ క్లాసులకు పోయినారు.

అప్పటినుంచే ఆ అంకె పిచ్చి. ఆ అంకె పెరిగితే అక్క చేతులు బాగుపడతాయని నాకు అనిపించేది. కంప్యూటర్ సారు ఆ పిచ్చి వదిలించినాక నాకు రోషం వచ్చింది. పత్రిక సంపాదకురాలికి మెయిలు రాసినాను, నా వ్యాసంలోని సంగతులు నా భాషలో మళ్ళీ రాసుకుని ఊరికే పంచిపెట్టుకోవచ్చా అని. ఆమె వెంటనే, నీ భాషలో నీ మాటలతో రాసుకుంటే మాకేం అభ్యంతరం లేదు, సంతోషం అని జవాబిచ్చింది. స్టాఫ్ రూములో చెప్తే, "తెలుగులో రాస్తే ప్రమోషనుకు పాయింట్లు రావు మేడం, ఎందుకండీ అనవసరంగా" అన్నారు. "పాయింట్లు మీరుంచుకోండి" అన్నాను. నా నోరు అంతే, నాకు మిత్రులు తక్కువ ఉండేది ఊరికే కాదు.

వేసవి సెలవులంతా తెలుగులో రాసినాను. అదీ సులభంగా రాలేదు. ఇన్నేళ్ళు ఇంగ్లీషులో ఆలోచించిన విషయం తెలుగులోకి పిలిస్తే రాకుండా మొరాయించింది. ఒక్కో పేజీ నాలుగుసార్లు చింపినాను. చివరికి చిన్న పుస్తకం చేసి హిందూపురంలోనే ఒక ప్రెస్సులో అచ్చేయించి, అదే వెబ్‌లో కూడా ఎవరైనా తెరుచుకునేటట్లు ఊరికే పెట్టించినాను. పుస్తకాలు రెండు సంచుల్లో నింపుకుని ధర్మవరం మోసుకుపోయినాను. జట్లకు ఇచ్చినాను, మగ్గాలిళ్ళల్లో ఇచ్చినాను. అందరూ రెండు చేతులతో తీసుకున్నారు. కళ్ళకద్దుకున్నారు కూడా.

నెల తర్వాత పోతే నా పుస్తకం ఏ ఇంట్లో చూసినా దేవుని గూట్లో ఉంది. కుంకుమ బొట్టుతో. ఒక ఇంట్లో పువ్వు కూడా పెట్టినారు.

"సదివినారా?" అంటే, "సరస్వతి కదా మేడం, కింద పెడతామా?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంగ్లీషు పత్రిక తాళం వేసింది, వీళ్ళు పూజ చేసినారు, రెండింట్లోనూ పుస్తకం తెరుచుకోలేదు.

అక్క ఆరోజు పనిలో ఉంది. కుడిచేతి వేళ్ళు వంకరగా పెట్టుకుని ఎడమ చేత్తో మెలేస్తోంది. అట్లా చేస్తే సగం పనే అవుతుంది. పక్కనుండే ఆమె అదంతా చూస్తూ చూడనట్లుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ పుస్తకంలో ఉండేది మీ చేతుల గురించే కదా! ఒక్కరైనా తెరవచ్చు కదా!" అని అందరిమీదా అరిచినాను.

అక్క తలెత్తకుండానే, "అరవద్దు మేడం. ఇంటికి పోతే వంట, నీళ్ళు, పిల్లోళ్ళు. ఈడుంటే చేతులు పోగులో. పుస్తకం యాడ పట్టుకోవాల? నోట్తో చెప్పు, వింటాం. నువ్వు రోజూ రాలేవు గదా, ఫోన్లో చెప్పి పంపు. మా కోడలి ఫోన్లో పెట్టుకుంటాం" అనింది.

సరేనని ఇంటికొచ్చి అదే వారం పుస్తకమంతా చదివి ఫోన్లో ఎక్కించినాను. భాగాలు భాగాలుగా అక్క కోడలికి వాట్సాప్‌లో పంపినాను. ఇప్పుడు అంకె బదులు గీతలు. రెండు గీతలు నీలంగా మారినాయా లేదా అని పాఠం మధ్యలో బోర్డు వైపు తిరిగి ఫోను చూసుకునేదాన్ని. మొదటి భాగానికి మారినాయి, రెండోదానికీ మారినాయి. ఆ తర్వాతివి బూడిదరంగులోనే ఉండిపోయినాయి. నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఓర్చుకోలేక ఇంకో ఆదివారం రైలెక్కినాను.

"వినలేదా అక్కా?" అని అడిగినాను.

అక్క ఇబ్బంది పడింది. మిగతావాళ్ళు కూడా పోగుల్లోకి ఇంకా వంగినారు. చివరికి జట్టులో కొత్తగా చేరిన ఆమె, నవ్వు ఆపుకుంటూ, "మేడం, నువ్వు యాడా ఆగలేదు" అనింది.

"ఆగకపోతే?"

"ఊ కొట్టేదానికి సందే ఇయ్యలేదు. మేము ఊ అనేలోపల నువ్వు ఇంకో మాట చెప్పేస్తాండావు. ఊ అంటే నీ మాట పోతాది, ఊ అనకుంటే మాకు వినబుద్ధి గాదు. ఎవురినో నిలబెట్టి గదమాయించినట్లుండాది. నీకు మామీద కోపం అనుకున్నాం."

నేను కాలేజీలో పాఠం చెప్పినట్లు చెప్పినాను. పిల్లలు ఊ కొట్టరు. ముప్పై ఏళ్ళుగా ఎవరి జవాబు కోసమూ ఆగకుండా మాట్లాడడం అలవాటైపోయింది. ఊ కొట్టే పనికి నన్ను కూర్చోబెట్టినవాళ్ళకే, ఊ కొట్టనివ్వకుండా మాట్లాడి పంపినాను. సిగ్గేసింది. వెంటనే నవ్వూ వచ్చింది.

అన్నీ తీసేసి మళ్ళీ మొదలుపెట్టినాను. ఆదివారం మధ్యాన్నాలు, కింద మర ఆగి ఉండేటప్పుడు. బట్టల బీరువా తలుపులు తెరిచి చీరల ఎదురుగా కూర్చుంటే గొంతు గదిలో మోగదని కంప్యూటర్ సారు చెప్పినాడు. నేను కసిరినా పాపం ఆయన మాట్లాడడం మానలేదు. అమ్మ చీరలు నాలుగు, నావి కొన్ని. వాటికి చెప్పడం మొదలుపెట్టినాను. "అక్కా, మన చేతుల గురించి చెప్తాను, విను." ఆగినాను. "మణికట్టు లోపల ఒక నరం ఉంటుంది, సన్న దారిలో పోతుంది." ఆగినాను.

ఎంతసేపు ఆగాలో తెలియలేదు. సందు సరిగ్గా రావాలని నేనే మెల్లగా ఊ అనుకున్నాను. తర్వాత వింటే, నా మాటకు నా ఊ. ఒక్కతే ఆడమనిషి గదిలో కూర్చుని తనకు తానే కథ చెప్పుకుని తానే ఊ కొట్టుకుంటోంది. ఎంత భయమేసిందో చెప్పలేను. గబగబా తుడిచేసినాను. ఇంకోసారి చెప్పినాను, ఈసారి నోరు మూసుకుని. మాట చెప్పాలి, ఆగాలి, లోపల ఊ అనుకోవాలి, మళ్ళీ చెప్పాలి. మాట్లాడుతున్నంతసేపూ బాగానే ఉండేది. ఆగినప్పుడే గది మీద పడేది. గోడ గడియారం, బయట కూరగాయల బండివాడి కేక, అంతే. అమ్మ పోయినాక నా మాటకు బదులు అనేది లేదని ఆ సందుల్లోనే నాకు బాగా తెలిసింది. ఒక ఆదివారం ఆ సందు దగ్గర ఏడుపొచ్చేసింది. ముక్కు చీదింది కూడా రికార్డయింది. అదీ తుడిచేసినాను. చీరలు చూస్తుంటాయి కదా, వాటి ముందు ఇంకేం సిగ్గు.

అన్ని భాగాలూ పంపినాను. గీతలు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చూసినాను. అన్నీ నీలంగా మారినాయి. ఐతే ఒక్క మాట రాలేదు. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. పరీక్షల డ్యూటీలు పడి నేను పోలేకపోయినాను. అక్క చేతులు గుర్తొచ్చినప్పుడల్లా, ఈ పాటికి ఎడమ చెయ్యి కూడా అయిపోయింటుంది అనుకునేదాన్ని. ఫోను చేసి అడగొచ్చు. అడిగితే ఏం చెప్తారోనని భయం.

పరీక్షలు అయిపోయిన ఆదివారం పోయినాను. పెనుకొండలో ఎప్పటి మాదిరే చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాను, రైలు కదిలినాక తీసేసినాను. ధర్మవరంలో అక్క వాళ్ళ జట్టు ఆరోజు యాడ పని చేస్తోందో కోడలిని అడిగి, ఆ వీధిలోకి పోయినాను. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. ఒక్క ఇంటి దగ్గర మాత్రం లేదు, అంటే అదే అతుకు ఇల్లు.

గడప దగ్గర చెప్పులు విడుస్తుంటే లోపల నా గొంతు వినపడింది.

"తిమ్మిరి ఉందని చెప్పుకోవడం తప్పు కాదక్కా" అంటోంది నా గొంతు. ఆగింది. నాకు తెలిసిన సందు అది. ఆ సందులో గడియారం చప్పుడూ, కూరగాయల బండీ ఉంటాయి.

"ఊ" అనింది లోపల ఎవరో.

"ఒక్కరు చెప్తే భయం. అందరూ చెప్పుకుంటే భయం ఉండదు."

"ఊఁ... అదే గదా మేము అనుకునింది" అని ఇంకొక గొంతు. ఎవరో నవ్వినారు. నా గొంతు వాళ్ళు నవ్వేదాకా ఆగినట్లే ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. నేను గోడ పట్టుకుని నిలబడినాను. ఎన్నేళ్ళయిందో నా మాటకు ఒకరు ఊ అని.

లోపలికి పోయినాను. నలుగురు పోగుల మీద వంగి ఉన్నారు. ఫోను మగ్గం చెక్క మీద, బూడిద గిన్నె పక్కన పెట్టి ఉంది. నేను "అక్కా" అన్నానో లేదో, నా వైపు కూడా చూడకుండా ఆ కొత్తామె చెయ్యి అడ్డం పెట్టి, "ష్! మాట్లాడొద్దు. మేడం చెప్తాంది" అనింది.

అక్క మగ్గం దగ్గర లేదు. గోడకానుకుని కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. కుడి మణికట్టుకు పట్టీ. ఊ అనే గొంతు ఆమెదే. నన్ను చూసి కళ్ళు పెద్దవి చేసి, నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కన చాప తట్టి కూర్చోమనింది. ఆమె చోటు, మగ్గం ముందు కుడిపక్క చోటు, ఖాళీగా ఉంది. దానిమీద ఆమె పీట అట్లే ఉంది. ఎవరూ కూర్చోలేదు.

నేను ఆ పీట వైపు చూసేది చూసి అక్క నా చెవిలో, "తిమ్మిరొచ్చినోళ్ళు ఈడ కూర్చుని ఊ కొట్టేది. తగ్గినాక పోయి పోగు పట్టుకునేది. చోటు మాత్రం వాళ్ళదే. అందరం అనుకున్నాం" అనింది. "డాక్టరు ఇంకొన్ని వారాలు చెయ్యి కదిలీయొద్దన్యాడు. పొద్దున రోంత స్పర్శ తెలిసింది మేడం, గ్లాసు సల్లగా ఉండాదని తెలిసింది."

ఆమె పట్టీ మీద చెయ్యి పెట్టినాను. "ఒక్క మాట చెప్పి పంపకూడదా అక్కా, నేనాడ చచ్చిపోతాండా" అని గొణిగినాను. "రోజూ చెప్తానే ఉండాం కదా, ఊ అని" అనింది అక్క, ఆశ్చర్యంగా.

ఫోన్లో నా గొంతు ఇంకో మాట చెప్పి ఆగింది. అక్క ఊ అనలేదు. మోచేత్తో నన్ను పొడిచింది. పోగుల మీద చేతులు నిలిచినాయి, కొత్తామె కూడా తలెత్తి చూసింది, చూసి నాలుక కరుచుకుంది.

"కొట్టు మేడం" అనింది అక్క. "నీకు బాగా వస్తాది గదా."

"ఊ" అన్నాను.